పదహారో అక్షరం

సంతకం పెట్టమని కాగితాన్ని ముందుకు జరిపినప్పుడు జయచంద్ర మునిలక్ష్మి ముఖంలోకి చూడలేదు. పెన్ను మూత తీసి కాగితం మీద అడ్డంగా పెట్టి, కిటికీ వైపు తిరిగాడు. కింద తిరుపతి బస్టాండు రోడ్డులో గోవిందనామాలు చెప్పుకుంటూ ఒక గుంపు పోతోంది.

కాగితంలో ఉన్నవి మూడే వాక్యాలు. సోమవారం ఉదయం పది నలభై రెండుకు గ్రేసీ అనే ఉద్యోగిని, మూసివేయవలసిన అకౌంటుతో పాటు మూసివేయకూడని అకౌంటును కూడా సర్వర్ మీద నుంచి తీసేసింది. ఇది పూర్తిగా ఆమె అజాగ్రత్త. సీనియర్ ఉద్యోగిని లాగ్ పరిశీలించి ఈ సంగతిని ధ్రువపరుస్తున్నారు. దాని కింద సంతకానికి ఒక గీత.

లాడ్జీలకీ కాలేజీలకీ ఆసుపత్రులకీ రైతుసంఘాలకీ వెబ్‌సైట్లూ రికార్డులూ పెట్టుకోవడానికి సర్వర్ల మీద చోటు అద్దెకిచ్చే ఆఫీసు అది. యజమాని జయచంద్ర. పనిచేసేది ఆరుగురు, అందరిలో సీనియర్ మునిలక్ష్మి. మూడు వందల పైచిలుకు అకౌంట్లు తెరవడం, మూయడం, పాస్‌వర్డులు మార్చడం అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌తో జరుగుతుంది. దాన్ని అందరూ ప్యానెల్ అంటారు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో ప్యానెల్ తనంతట తానే రాసిపెట్టుకునే పట్టీ పేరు లాగ్. ఆ లాగ్‌ను మునిలక్ష్మి పొద్దున ఒకసారి చూసింది. రెండు అకౌంట్ల పక్కనా పది నలభై రెండు అనే ఉంది. రెండింటి పక్కనా గ్రేసీ పేరే ఉంది.

"రేపు ఆ అకౌంటు పోగొట్టుకున్న పలమనేరు వాళ్ళు వస్తారు. తప్పు చేసిన మనిషిని చూపించకపోతే ఆఫీసునే తప్పు పడతారు," అన్నాడు జయచంద్ర, కిటికీ దగ్గరి నుంచే.

మునిలక్ష్మి సంతకం పెట్టింది. పెన్నుకు మూత పెట్టి, కాగితం అంచు బల్ల అంచుకు సమానంగా సర్ది, బయటికి వచ్చింది.

బయట గ్రేసీ టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకుంటోంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఉద్యోగంలో చేరి పదకొండు నెలలు. పని నేర్పింది మునిలక్ష్మే. ఏడుస్తుందేమో అనుకుంది కాని గ్రేసీ ఏడవలేదు. హెడ్‌ఫోన్ల తీగను వేళ్ళకు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"అక్కా, నేను మూసింది ఒక్క అకౌంటే. తెర మీది పెట్టెలో పేరు కొట్టింది గూడా ఒక్కసారే," అంది.

మునిలక్ష్మి ఇంటికి పొమ్మంది, ఫోన్ చేస్తానంది. నగరి బస్సులో కూర్చున్నాక కూడా ఫోన్ చేయలేదు. పుత్తూరు దాటేదాకా ఫోన్ చేతిలోనే ఉంది.

*

మరునాడు, బుధవారం, పదింటికి ప్రసూనాంబ వచ్చింది. పలమనేరు పాడిరైతుల సంఘానికి కార్యదర్శి. యాభై దాటిన మనిషి. తెల్లవారగానే పాలు పోయించుకుని, బస్సెక్కి వచ్చినట్టుంది. చీర కుచ్చిళ్ళ దగ్గర ఎండిన పాలచుక్కలు తెల్లగా కనబడుతున్నాయి. కూర్చోమంటే కూర్చుంది కాని, ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

పోయినవి పదకొండు వందల నలభై ఆవుల రికార్డులు. ఒక్కో ఆవు చెవి బిళ్ళ నంబరు, ఎప్పుడు కట్టించారు, ఎన్నో నెల చూడి, ఏ టీకా ఎప్పుడు వేశారు, ఏ మందు పడదు. నాలుగేళ్ళుగా ఊరూరా తిరిగి ఎక్కించినవి. వచ్చే సోమవారం నుంచి గాలికుంటు టీకాలు మొదలవుతాయి. ఈనడానికి దగ్గరపడిన ఆవులకు సూది వేయవద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏవి దగ్గరపడ్డాయో చెప్పే రికార్డు ఇప్పుడు లేదు.

బ్యాకప్ కోసం కూడా వెతికామనీ, సంఘం పేరున ఏదీ దొరకలేదనీ జయచంద్ర మెల్లగా చెప్పాడు. ఆ పిల్లను పని నుంచి తీసేశామనీ చెప్పాడు. సంతకమున్న కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు.

ప్రసూనాంబ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. కింది సంతకం దగ్గర వేలు ఆపింది.

"ఇది ఎవురిది?"

"నాదేనమ్మా," అంది మునిలక్ష్మి.

"నువ్వు సూసినావా ఆ బిడ్డ సేస్తా ఉంటే?"

"లాగ్‌లో ఉండాదమ్మా."

"లాగ్ ఏం సెప్పిందో నేను అడగలేదు."

ప్రసూనాంబ కాగితాన్ని మడవకుండానే వెనక్కి జరిపింది. తమకు ఎవరి ఉద్యోగమూ తీయనక్కరలేదనీ, ఏ ఆవు ఎన్నో నెలలో ఉందో చెబితే చాలనీ అంది. శుక్రవారం దాకా చూస్తానని చెప్పి లేచింది. కాఫీ మీద మీగడ కట్టింది.

*

మధ్యాహ్నం అందరూ భోజనాలకు దిగినప్పుడు మునిలక్ష్మి డబ్బా తెరవలేదు. ప్యానెల్ తెర మీద కనిపించే లాగ్‌ను పక్కన పెట్టి, సర్వర్ లోపల ఉండే అసలు లాగ్‌ను తెరిచింది. తెర మీది లాగ్ గంటా నిమిషమూ మాత్రమే చూపిస్తుంది. లోపలి దాంట్లో సెకన్లు కూడా ఉంటాయి. దాన్ని ఎవరూ తెరవరు. చిన్న అక్షరాలు, వేల వరసలు. సోమవారం పదిన్నర దగ్గర మొదలుపెట్టి, చూపుడు వేలు తెర మీద పెట్టి, ఒక్కో వరసే దిగుతూ వచ్చింది.

పది నలభై రెండు, పదిహేడో సెకను. ఒక అకౌంటు తీసివేత.

దాని కింది వరస. పది నలభై రెండు, పదిహేడో సెకను. ఇంకో అకౌంటు తీసివేత.

మునిలక్ష్మి వేలు అక్కడే ఉంది. ఒక అకౌంటు మూయాలంటే ప్యానెల్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. అందులో ఆ అకౌంటు పేరు మొత్తం టైపు చేస్తే కాని మూసే బటన్ పనిచేయదు. పొరపాటున మూయకూడదనే ఆ ఏర్పాటు. ఆమె పక్కన కాగితం పెట్టుకుని, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, గబగబా పేరు కొట్టి చూసింది. ఎంత తొందరగా కొట్టినా తొమ్మిది సెకన్లు పట్టింది. ఒకే సెకనులో రెండు అకౌంట్లు మూసే చేయి ఏ మనిషికీ లేదు.

ఆ రెండు వరసలూ కాగితం మీద ప్రింటు తీసుకుంది. ఐదింటికి ఆఫీసు వదిలాక నగరి బస్సు ఎక్కలేదు. ఆటోలో తిరుచానూరు పోయింది.

గ్రేసీ వాళ్ళ ఇల్లు లాడ్జీల వెనక సందులో ఉంది. తలుపు దగ్గర వాళ్ళ నాయన ప్రేమానందం నిలబడి ఉన్నాడు. ఒక స్కూల్లో అటెండరు. యూనిఫాం చొక్కా ఇంకా విప్పలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"కాగితంలో మీ సంతకం గూడా ఉండాదంట కదమ్మా," అన్నాడు.

"ఉండాదన్నా. సరిగా సూడకుండా పెట్టినాను. ఆ మాట చెప్పేదానికే వచ్చినాను."

ప్రేమానందం కాసేపు ఆమె చెప్పుల వంక చూసి, పక్కకు జరిగాడు.

గ్రేసీ మంచం మీద కూర్చుని ప్రింటు చూసింది. సెకన్ల సంగతి మునిలక్ష్మి చెబుతుంటే తల ఊపింది కాని, ఆ పిల్ల కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి. వరసకు చివర ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న అకౌంటు పేర్ల మీద ఉన్నాయి.

మూయమని అడిగింది పలమనేరు డెయిరీ ఫామ్ అనే ప్రైవేటు వాళ్ళు. పోయింది పలమనేరు డెయిరీ ఫార్మర్స్ అనే రైతుల సంఘం. ప్యానెల్‌లో ఒకటి palamanerudairyfarm, రెండోది palamanerudairyfarmers. కాని కాగితం మీద రెండు వరసల్లోనూ palamanerudairyf అని మాత్రమే ఉంది.

"అక్కా, పేరు తెగిపోయింది సూడు," అంది గ్రేసీ. వేళ్ళు మడుస్తూ అక్షరాలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "పదహారు. పదహారో అక్షరం దగ్గర కత్తిరించినాది. ప్యానెల్‌కు రెండు పేర్లూ ఒకటే."

మునిలక్ష్మి కాగితం లాక్కుని తనూ లెక్కపెట్టింది. సరిగ్గా పదహారు. తెర మీద పేరు మొత్తం చూపించి, మొత్తం టైపు చేయించుకుని, లోపల పనిచేసేటప్పుడు మొదటి పదహారు అక్షరాలే చూస్తోంది ప్యానెల్. ఒకటి తీసేయమంటే, ఆ పదహారు అక్షరాలున్న రెండింటినీ తీసేసింది. పోయిన నెల వేసిన కొత్త వెర్షన్‌లో వచ్చిన దోషమయి ఉంటుంది. అంతకు ముందు ఇలాంటివి జరగలేదు.

"అట్లయితే బ్యాకప్ గూడా..." అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

*

గురువారం ఉదయం మునిలక్ష్మి ఏడున్నరకే ఆఫీసు తాళం తీసింది. బ్యాకప్‌లు దాచే చోటికి పోయి, సంఘం పూర్తి పేరుతో కాకుండా తెగిన పేరుతో వెతికింది. ఫోల్డర్ ఉంది.

రోజూ తయారయ్యే బ్యాకప్‌లు రెండు అకౌంట్లవీ ఆ ఒక్క ఫోల్డర్‌లోకే పోతున్నాయి. అక్షరక్రమంలో ఫామ్ వాళ్ళది ముందు, సంఘానిది తరవాత. తరవాతది ముందుదాన్ని చెరిపేసి కూర్చుంటోంది. అందుకే లోపల ఉన్నవన్నీ సంఘం రికార్డులే, ఆదివారం నాటివి, చెక్కుచెదరకుండా. ఆమె ఒకటి తెరిచింది. చెవి బిళ్ళ నంబరు, బైరెడ్డిపల్లె, జెర్సీ, ఆరో నెల. ఇంకొకటి తెరిచింది. ఇంకొకటి. కింద అంగట్లో ఇడ్లీ పాత్ర మూత తీసిన వాసన వస్తోంది. ఆమెకు తనకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

పేరు చిన్నదిగా పెట్టి కొత్త అకౌంటు తెరిచి, రికార్డులన్నీ అందులోకి ఎక్కించి, పదకొండు వందల నలభై ఉన్నాయని సరిచూసుకుని ప్రసూనాంబకు ఫోన్ చేసింది. అవతల ఎవరో పాల క్యాను దించిన చప్పుడు వినబడింది. తరవాత ప్రసూనాంబ, "ఎవురు కనిపెట్టినారు?" అని మాత్రం అడిగింది. గ్రేసీ అని చెప్పింది మునిలక్ష్మి.

జయచంద్ర వచ్చి విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. అయితే గ్రేసీని మళ్ళీ పిలవడం గురించి మాట్లాడలేదు. రికార్డులు దొరికాయి, సంఘం వాళ్ళు శాంతించారు, ఇక ఈ సంగతి బయటికి పొక్కకపోతే చాలునన్నాడు. ప్యానెల్‌లోనే దోషముందంటే తక్కిన కస్టమర్లు భయపడి వెళ్ళిపోతారన్నాడు.

మునిలక్ష్మి అప్పటికే ఇంకో పని చేసి ఉంది. మూడు వందల అకౌంట్ల పేర్లలో మొదటి పదహారు అక్షరాలు కలిసేవి ఏరింది. ఇంకా నాలుగు జతలు ఉన్నాయి. అందులో ఒక జత పిల్లల బడి, పిల్లల ఆసుపత్రి. ఏ సంబంధమూ లేని రెండు సంస్థలు.

పరీక్షలకని ఆఫీసులో విడిగా ఉంచిన సర్వర్ మీద అలాంటి రెండు పేర్లతోనే ఉత్తుత్తి అకౌంట్లు తెరిచి, ఒకదాని పాస్‌వర్డు మార్చింది. ఆ కొత్త పాస్‌వర్డుతో రెండోది కూడా తెరుచుకుంది. అంటే బడిలో ఎవరో పాస్‌వర్డు మార్చుకుంటే ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది. ఈ లొసుగు తెలిసినవాడెవడైనా కావాలనే కలిసే పేరుతో అకౌంటు తీసుకుంటే, ఎవరి ఇంట్లోకైనా నడిచి పోవచ్చు.

ఆమె ఆ నాలుగు జతల పట్టీ బల్ల మీద పెట్టింది. దాని పక్కన తన చేతిరాతతో ఉన్న ఒక కాగితం పెట్టింది. మంగళవారం తాను లాగ్ సరిగా చూడకుండానే సంతకం పెట్టాననీ, ఆ కాగితంలో రాసింది నిజం కాదనీ, గ్రేసీ తప్పు ఇందులో ఏమీ లేదనీ అందులో ఉంది. కింద సంతకం.

"దీనికి ఒక నకలు ప్రసూనాంబ గారికి పంపినాను సార్. ప్యానెల్ చేసిన కంపెనీకి కూడా రాసినాను. నన్ను ఉంచుకునేదీ లేనిదీ మీ ఇష్టం," అంది.

జయచంద్ర రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. ఆసుపత్రి అకౌంటు పేరు మార్చావా అని అడిగాడు. పొద్దున్నే మార్చానంది. నాలుగు జతలూ విడదీసేశానంది. అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు.

*

ప్యానెల్ తయారుచేసేది బెంగళూరు కంపెనీ. వాళ్ళ జవాబు గురువారం సాయంత్రానికే వచ్చింది, రెండు వాక్యాల్లో. తమ ప్యానెల్‌లో అది సాధ్యం కాదనీ, వాడేవాళ్ళ పొరపాటయి ఉంటుందనీ. మునిలక్ష్మి వెంటనే తిరిగి రాసింది. పావుగంట సమయమిస్తే కళ్ళ ముందు చేసి చూపిస్తామంది.

శుక్రవారం పదకొండుకు వీడియో కాల్. గ్రేసీ రావాలని మునిలక్ష్మి పట్టుబట్టింది. జయచంద్ర అడ్డు చెప్పలేదు. గ్రేసీ వచ్చి, తన పాత కుర్చీలో కాకుండా, గోడ వారనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అవతల తెర మీద బాలచంద్ర అనే ఇంజనీరు. ప్యానెల్‌లో అకౌంట్ల భాగం అతని బృందానిదే. మాటలో మదనపల్లె యాస తెలుస్తోంది. మర్యాదగానే మాట్లాడాడు కాని, మధ్యమధ్య చేతి గడియారం చూసుకుంటున్నాడు.

గ్రేసీ మొదట ఒక మాట అడిగింది. పేర్లు తాము పెడితే ముందే ఏదో చేసి ఉంచామనుకోవచ్చు కాబట్టి, అకౌంటు ఆయననే తెరవమంది. పరీక్ష సర్వర్‌లోకి దారి ఇచ్చింది. పేరు ఆయన ఇష్టం, పదహారు అక్షరాలకు మించి ఉంటే చాలు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పనక్కరలేదు. లోపల ఏదైనా ఒక మాట రాసి దాచమంది.

బాలచంద్ర ఒక పొడుగాటి పేరుతో అకౌంటు తెరిచాడు. లోపల ఏదో రాసి మూశాడు. "అయింది. ఇప్పుడు తెరవండి చూద్దాం," అన్నాడు.

గ్రేసీ తొందరపడలేదు. ఆయన అకౌంటు పేరును కాగితం మీద రాసుకుని, పదహారు అక్షరాల దగ్గర నిలువు గీత గీసింది. గీతకు ముందున్నవి అలాగే ఉంచి, తరవాతివి వేరేగా మార్చి కొత్త అకౌంటు తెరిచింది. దానికి తన పాస్‌వర్డు పెట్టింది. బయటికి వచ్చి, ఈసారి బాలచంద్ర పెట్టిన పేరు కొట్టి, తన పాస్‌వర్డు కొట్టింది.

బాలచంద్ర అకౌంటు తెరుచుకుంది. లోపల ఒకటే ఫైలు. గ్రేసీ దాన్ని తెరిచి పైకి చదివింది.

"మా పాపకు ఈ రోజు పుట్టినరోజు, తొందరగా ఇంటికి పోవాలి."

తెర మీద బాలచంద్ర కదల్లేదు. గడియారం చూసుకునే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకోసారి చేసి చూపమన్నాడు. గ్రేసీ ఇంకోసారి చేసింది. మూడోసారి ఆయనే చేసుకున్నాడు. మూడోసారీ తెరుచుకుంది.

"మీ పేరేమన్నారు?" అని అడిగాడు.

"గ్రేసీ."

"గ్రేసీ గారూ, దేశంలో నాలుగు వేల సర్వర్ల మీద ఉండాది ఈ ప్యానెల్. ఈ సంగతి దిద్దేదాకా ఇంకెవురికీ చెప్పొద్దండి. నేను ఇప్పుడే మావాళ్ళనంతా కూచోబెడతాను. నిన్న మేము పంపిన జవాబుకు క్షమించండి."

గ్రేసీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. జయచంద్ర తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో మునిలక్ష్మి గమనించలేదు. అతను సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

గ్రేసీ లేచి నిలబడింది.

"వస్తాను సార్. అయితే మీరు పలమనేరులో నన్ను తప్పు పట్టినారు. తప్పు నాది కాదని గూడా పలమనేరులోనే చెప్పాల. ఆ మాట అయినాక వస్తాను."

జయచంద్ర మునిలక్ష్మి వైపు చూశాడు. ఆమె ఈసారి కళ్ళు దించుకోలేదు.

*

సోమవారం పలమనేరులో పొద్దున్నే మంచు దిగి ఉంది. సంఘం షెడ్డు ముందు ఆవుల్ని కట్టేసి, రైతులు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళే ఎక్కువ. టీకాల పని మొదలుపెట్టే ముందు ప్రసూనాంబ అందర్నీ దగ్గరికి పిలిచి, తిరుపతి నుంచి వచ్చిన ఆయన ఒక మాట చెబుతాడంది.

జయచంద్ర జేబులోంచి కాగితం తీశాడు కాని చదవలేదు. రికార్డులు పోవడం ఈ పిల్ల తప్పు కాదన్నాడు. పరీక్షించకుండా నింద వేసింది తానన్నాడు. పోయిన రికార్డులు దొరికింది కూడా ఈమె వల్లేనన్నాడు. మాటలు పొడిగానే వచ్చాయి కాని, అందరికీ వినబడేట్టు వచ్చాయి. వెనకనున్న ఒక ముసలామె, ఏ పిల్ల అని అడిగింది. ప్రసూనాంబ గ్రేసీ భుజం పట్టుకుని ముందుకు నిలబెట్టింది.

ప్రేమానందం కూడా వచ్చి ఉన్నాడు. స్కూలుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు స్తంభం పక్కన నిలబడ్డాడు. కూతుర్ని ముందుకు పిలిచినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తాడు.

తరవాత పని మొదలయింది. డాక్టరు చెవి బిళ్ళ నంబరు చెబుతుంటే గ్రేసీ ల్యాప్‌టాప్‌లో చూసి చెప్పింది. నాలుగో ఆవు దగ్గర, ఎనిమిదో నెల, వదిలేయండి సార్ అంది. డాక్టరు సూదిని పక్కకు పెట్టి తరవాతి ఆవు దగ్గరికి పోయాడు. పదింటికల్లా ఎండ వచ్చింది. మునిలక్ష్మి ఆవుల తాళ్ళు పట్టుకుని వరస జరుపుతూ, చేతులకు అంటిన పేడ గడ్డికి రుద్దుకుంటూ, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయింది.

*

ప్యానెల్‌కు దిద్దుబాటు తొమ్మిదో రోజున వచ్చింది. దానితోపాటు, ఆ ప్యానెల్ వాడే కంపెనీలన్నిటికీ బెంగళూరు నుంచి ఒక నోటీసు పోయింది. దోషమేమిటో, వెంటనే ఏం చేయాలో అందులో ఉంది. చివర ఒక వరస: కనిపెట్టినవారు గ్రేసీ, మునిలక్ష్మి, తిరుపతి.

మునిలక్ష్మి దాన్ని బస్సులో, పుత్తూరు దగ్గర, ఫోన్‌లో చదివింది. పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఆమెకు చూపించాలనిపించింది. చూపించింది. ఆమె ఇంగ్లీషు చదవలేనంది. అయితే పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపిస్తే, బాగుందమ్మా అని బుట్టలోంచి ఒక మూర కనకాంబరాలు తుంచి ఇచ్చింది.

ఆ ఉదయం ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. విజయవాడ నుంచి ఒకరు, కోయంబత్తూరు నుంచి ఒకరు, నెల్లూరు నుంచి ఒక ఆసుపత్రి వాళ్ళు. అందరికీ ఒకటే సందేహం, తమ సర్వర్ మీద కలిసే పేర్లు ఏరడం ఎలాగని. జయచంద్ర గదిలో కూడా ఒక ఫోను మోగింది. మాట్లాడబోయాడు కాని, అవతలివాళ్ళు గ్రేసీ గారు కావాలన్నారు.

అతను ఫోను బల్ల మీద పెట్టి, లేచి, బయటికి వచ్చాడు. గ్రేసీ అప్పటికే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంకెవరితోనో మాట్లాడుతోంది. పేర్లలో మొదటి పదహారు అక్షరాలు ఎలా వేరుచేయాలో నిదానంగా, ఒక్కో మాటా విడమరిచి చెబుతోంది. జయచంద్రను చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు ఎత్తింది.

అతను ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. అటుగా పోతున్న ఒకరు కుర్చీ వేయబోతే వద్దన్నాడు. గ్రేసీ మాట ముగించేదాకా, చేతులు కట్టుకుని, అలాగే నిలబడి ఉన్నాడు.